లక్కే మాట, కమల గొంతు

కిరణ్మయికి ఉద్యోగం వచ్చిందన్న కబురు భోపాలపట్నం బజారంతా పాకి, ఆమె తండ్రి శేషగిరిరావు బట్టల దుకాణం ముందు జనం పోగవడం దగ్గర కిందటి వారం ఆగాం. కిరండూల్ గనిలో ఇనుపరాయి మోసే పెద్ద డంపర్లు నడపడానికి శిక్షణ ఇచ్చి తీసుకుంటారు. ఆ బజారు నుంచి దానికి ఎంపికైన మొదటి ఆడపిల్ల ఆమె. పిల్ల వైద్య పరీక్షల కోసం అక్కడే ఉండిపోయింది. నివాస ధ్రువపత్రం మీద జిల్లా కేంద్రం బీజాపూర్‌లో అధికారి సంతకం పడాలి, శుక్రవారానికల్లా గని ఆఫీసులో అందాలి. ఆ పని తల్లిదండ్రుల మీద పడింది. గురువారం పొద్దున పెద్దకొడుకు ప్రేమ్‌కుమార్ తన బొలెరోలో వాళ్లిద్దరినీ ఎక్కించుకున్నాడు.

దారిపొడుగునా తల్లి కమలాకుమారి చేతిలో చీటీ ఉంది. ధ్రువపత్రం, కూలర్‌కి మోటారు, ఆయన కళ్లజోడుకి కొత్త కాడ, పిల్లకి గట్టి సూట్‌కేసు ఒకటి. చివర్లో 'మిఠాయి' అని రాసి ఉంది.

"మిఠాయి ఎవరికి?" అన్నాడు శేషగిరిరావు.

"జవాన్ల క్యాంపు దగ్గర బండ్లు ఆపుతరు కదా. పేరు అడుగుతరు, ఏడికి పోతున్నరు అని అడుగుతరు. వచ్చేటప్పుడు వాళ్లకు కూడా చెప్పుకోవద్దా?"

"పోయేటప్పుడే చెప్పినవ్ కదా. ఆ జవాను పేరు రాసుకునుడు ఆపి నీ మాటలు విన్నడు."

"వింటడు మరి. ఇంటింత ఎత్తు బండి నడుపుతది నా బిడ్డ."

శేషగిరిరావు కిటికీ వైపు తిరిగి నవ్వుకున్నాడు. ఆయన కూడా తక్కువ తినలేదు. ఈ నాలుగు రోజుల్లో దుకాణానికి వచ్చిన ప్రతి మనిషికీ సెల్లులో డంపర్ బొమ్మ చూపించాడు. దాని చక్రం పక్కన నిలబడ్డ కిరణ్మయి చక్రంలో సగం కూడా లేదు.

ప్రేమ్‌కుమార్ వాళ్లను కచేరీ గేటు దగ్గర దించి, ట్రాన్స్‌పోర్టు ఆఫీసులో సరుకు చూసుకుని వస్తానని వెళ్లిపోయాడు.

లోపల గుమాస్తా పేరు బుధ్రా. కమలాకుమారి ఇచ్చిన కాగితాలు ఒక్కొక్కటీ తిప్పి చూశాడు. "అన్నీ ఉన్నాయి అమ్మా. మేడం సంతకం ఒక్కటే. కానీ మేడం ఒక కేసు విచారణలో ఉన్నారు. అది అయ్యేదాకా కూర్చోండి" అన్నాడు హిందీలో.

వరండాలో బెంచీ మీద కూర్చున్నారు. విచారణ జరిగే గది తలుపు తెరిచే ఉంది. రాయపూర్ నుంచి కొత్తగా వచ్చిన అధికారి, ముప్పై కూడా దాటని అమ్మాయి, పెద్ద బల్ల వెనక కూర్చుని ఉంది. బల్లకి ఈవల ఒక పక్క తెల్లచొక్కా మనిషి, అతని వకీలు. ఇంకో పక్క ఒక ఆడమనిషి ఒంటరిగా నిలబడి ఉంది. వెనక నుంచి జుట్టుముడి చూడగానే కమలాకుమారికి తెలిసిపోయింది.

"లక్కే కదా ఆమె?"

శేషగిరిరావు మెడ చాచి చూశాడు. "అవును. మద్దేడు అవతలి ఊరి లక్కే."

పదిహేనేళ్లు వాళ్ల దుకాణంలోనే చీరలు కొన్న మనిషి. ఇప్పపూల కాలం అయిపోగానే మొగుడు ఆయతుని వెంటేసుకుని వచ్చేది. ఒక్క చీర కోసం ఇరవై చీరలు విప్పించేది. ఏడాదిగా రావడం మానేసింది. ఆయతు పోయాడని తెలిసింది, ఆ దుఃఖంలో ఉందనుకున్నారు.

తెల్లచొక్కా మనిషి తల తిప్పి శేషగిరిరావుని చూసి చేయెత్తాడు. దేవేంద్ర. రోడ్ల కాంట్రాక్టరు. ప్రేమ్‌కుమార్ ఇనుము, సిమెంటు సరఫరా చేసేది ఇతనికే.

లోపల పని ముందుకు సాగడం లేదు. మేడం హిందీలో అడుగుతోంది, లక్కే తలూపుతోంది. మళ్లీ అడిగితే మళ్లీ తలూపుతోంది. దేనికి అవునంటోందో ఎవరికీ తెలియదు.

"దుబాసీ రాలేదు మేడం. జ్వరమట" అన్నాడు బుధ్రా. "మళ్లీ తేదీ ఇచ్చేద్దామా?"

"ఇది నాలుగో తేదీ" అంది మేడం. "ఈమె ప్రతిసారీ ఎంత దూరం నడిచి, ఎన్ని బళ్లు మారి వస్తోందో తెలుసా? ఇక్కడ ఈమె భాష, దోర్లీ, వచ్చినవాళ్లు ఒక్కరూ లేరా?"

 కమలాకుమారి లేచింది. శేషగిరిరావు ఆమె కొంగు పట్టుకుని లాగాడు.

"నీకెందుకే? మన పనికొచ్చినం, మన పని చూసుకుందాం."

"కోంటలో పుట్టిన, దోర్ల పిల్లలతోటి ఆడుకున్న. ముప్పై ఏళ్ల నుంచి గల్లా కాడ కూసోని మాట్లాడేది కూడా అదే మాట. నాకు రాకపోతే ఇంకెవరికొస్తది?"

కొంగు విడిపించుకుని లోపలికి నడిచింది.

"నాకొస్తది మేడం" అంది. "దోర్లీ, గోండీ, తెలుగు, మీ హిందీ. నాలుగూ."

మేడం ఆమెను పైనుంచి కిందికి చూసింది. జరీ అంచు చీర, కళ్లజోడు, చంకలో బట్టసంచీ. "ఏ మాట విన్నారో ఆ మాటే చెప్పాలి. మీ సొంత మాట ఒక్కటి కూడా కలపకూడదు, ఒక్కటి కూడా వదలకూడదు. సరేనా?"

"సరే."

బుధ్రా ఆమె చేత ప్రమాణం చేయించాడు. కమలాకుమారి పక్కకు వచ్చి నిలబడేసరికి లక్కే మొహం మారింది. సంతోషం కాదు. ఒక అడుగు వెనక్కి వేసింది.

"నేనే లక్కే. భయపడకు" అంది కమలాకుమారి ఆమె భాషలో.

"నువ్వెందుకొచ్చినవ్ సావుకారమ్మా?"

"నీ మాట వీళ్లకు చెప్పనీకి. అడిగిందానికి జవాబు చెప్పు, చాలు."

మెల్లగా మొదలైంది. లక్కే చెప్పింది, కమలాకుమారి హిందీలో అంది, బుధ్రా రాశాడు. రోడ్డు పక్కన లక్కేకి రెండెకరాల చెల్క ఉంది. మూడేళ్ల కింద రోడ్డు పని మొదలైనప్పుడు, కంకర మిషను పెట్టుకోవడానికి రెండేళ్లు ఆ చెల్క ఇమ్మని దేవేంద్ర మనుషులు అడిగారు. ఆయతు ఒప్పుకున్నాడు. కాగితం రాసుకున్నారు. రెండేళ్లు అయ్యాక వెళ్లి ఖాళీ చేయమంటే, కాగితంలో ఇరవై ఏళ్లని ఉందన్నారు. ఆ దిగులుతోనే ఆయతు మంచం పట్టాడు.

"మూడు వానలు పోయినయ్" అంది లక్కే. "నా చెల్కల రాయి పిండైతాంది. ఆ దుమ్ము పక్క చెల్కల మీద పడి వాళ్ల కందులు కూడా పోయినయ్. వాళ్లు నన్ను తిడుతున్నరు."

కమలాకుమారి ఆ తిట్టు సంగతి కూడా వదల్లేదు. చెబుతుంటే మేడం చెంప మీద చేయి తీసేసి ముందుకు వంగింది. ఇంతసేపూ తలూపిన మనిషి ఇప్పుడు గుక్కతిప్పుకోకుండా మాట్లాడుతోంది. ఎక్కడ లక్కే గొంతు పెంచితే అక్కడ కమలాకుమారి గొంతూ పెరిగింది. ఎక్కడ ఆగితే అక్కడ ఆగింది.

బయట బెంచీ మీద శేషగిరిరావు కళ్లజోడు సర్దుకున్నాడు, ఒక కాడ లేదు కాబట్టి చేత్తో పట్టుకుని చూశాడు. గల్లా దగ్గర కూర్చుని 'ఈ రంగు పోదు', 'ఇది కోసా పట్టు' అనే గొంతే కదా అది. ముప్పై రెండేళ్లుగా వింటున్నాడు. ఆ గొంతును కచేరీ మొత్తం ఊపిరి బిగబట్టి వింటుందని ఆయనకు తెలియదు. పక్కన కూర్చున్న ముసలాయన "ఎవరామె? పెద్ద వకీలా?" అని అడిగితే, "నా భార్య" అన్నాడు. చాలదనిపించి, "మా ఇంటామె" అని మళ్లీ అన్నాడు.

ఇంతలో మేడంకి జిల్లా కచేరీ నుంచి ఫోను వచ్చింది. మాట్లాడటానికి పక్కగదిలోకి వెళ్లింది. వకీలు కుర్చీ కొద్దిగా ముందుకు జరుపుకున్నాడు.

"ఆంటీజీ, మీ అమ్మాయి నివాస్ కాగితం ఇవాళే సంతకం కావాలట కదా" అన్నాడు మర్యాదగా. "దేవేంద్రజీ మీ ఇంటి మనిషిలాంటివారు. ఒక మాట చెబితే పది నిమిషాల్లో అయిపోతుంది. చెప్పకపోతే ఈ కచేరీలో కాగితాలు ఎక్కడెక్కడో పడిపోతుంటాయి. ఇకమీద అడిగేవాటికి 'ఈమెకు గుర్తు లేదట' అనండి. అంతే. దోర్లీ మాకెవరికి తెలుసు?"

కమలాకుమారి అతన్ని తేరిపార చూసింది. కిరణ్మయి డంపర్ చక్రం పక్కన నిలబడ్డ బొమ్మ కళ్లముందు కదిలింది. రేపటికి కాగితం అందకపోతే? పిల్ల ఆరు నెలలు కిరండూల్‌లో అద్దెగదిలో ఉండి, తెల్లారకముందే లేచి చదివి, ఎంపిక పరీక్ష రాసింది. చంకలో బట్టసంచీ అదిమి పట్టుకుంది. 

మేడం తిరిగి వచ్చి కూర్చోగానే కమలాకుమారి నోరు తెరిచింది.

"మేడం, ఒక మాట. ఇది లక్కేది కాదు, నాది. మా బిడ్డ నివాస్ కాగితం మీ సంతకానికి వచ్చి ఉంది. అది కావాలంటే ఈమెకు గుర్తు లేదని చెప్పమని ఇప్పుడే నాతో అన్నరు. ఆ కాగితం పక్కన పెట్టండి. ముందు ఈ పని. ఇది అయినంక దాని మీద సంతకం పెడతరో పెట్టరో మీ ఇష్టం. బట్ట చింపినంక మాట మార్చుడు మా దుకాణంల లేదు."

 వకీలు ఏదో అనబోయాడు. మేడం అతన్ని చేత్తో ఆపి బుధ్రాతో, "ఈ మాట కూడా రాయి" అంది.

వరండాలో ముసలాయన శేషగిరిరావు మోకాలు తట్టాడు. శేషగిరిరావుకి కళ్లు తడిశాయి. దుకాణం పెట్టిన కొత్తలో, ఈమెకు లోకం తెలియదని ఆయన అందరితో అనేవాడు.

"ఇప్పుడు అసలు సంగతి" అంది మేడం, ఫైలు విప్పుతూ. "అడగండి. కాగితంలో ఏముందో ఈమెకు ఎవరైనా చదివి వినిపించారా? వినిపిస్తే ఎవరు?"

కమలాకుమారి అడిగింది. లక్కే తల వంచుకుంది.

"చెప్పు లక్కే."

"చెప్తే నీకు బాధైతది."

"నా సంగతి నీకెందుకు? చెప్పు."

లక్కే తలెత్తి సూటిగా ఆమె కళ్లలోకి చూసింది. "నీ మొగడే చదివిండు, సావుకారమ్మా. మీ దుకాణంలనే, నువ్వు లేని రోజు. మాకు అక్షరం రాదు. కాగితం తెచ్చినోళ్ల మాట మేం నమ్మలే. సావుకారి చదివితే నమ్ముతం అన్నడు ఆయతు. నీ మొగడు రెండేళ్లు అని చదివిండు. ఆయన కూడా కింద చేవ్రాలు చేసిండు. ఆయన చదివిండు కాబట్టే నేను వేలు పెట్టిన. ఆయనే మోసం చేసిండనుకున్న. అందుకే మీ గడప తొక్కలే."

కమలాకుమారి వెంటనే మేడం వైపు తిరగలేకపోయింది.

మేడం చూస్తోంది. బుధ్రా కలం పట్టుకుని చూస్తున్నాడు. వకీలు, దేవేంద్ర చూస్తున్నారు. ఈ గదిలో ఆ మాట అర్థమైంది తనొక్కదానికే. 'ఎవరో దుకాణదారు' అంటే చాలు. అబద్ధం కూడా కాదు. తలుపు అవతల, చేత్తో కళ్లజోడు పట్టుకుని కూర్చున్న మనిషి వైపు ఒక్కసారి చూసింది. ఆయన ఆమెను చూసి గర్వంగా తలూపాడు. ఆయనకు వినపడలేదు.

కమలాకుమారి మేడం వైపు తిరిగింది.

"ఈమె చెప్పేదేందంటే, వీళ్లకు అక్షరం రాదు, కాగితం తెచ్చినోళ్ల మాట నమ్మలే, సావుకారి చదివితే నమ్ముతమన్నడు ఆయతు; చదివి వినిపించింది నా భర్త. శేషగిరిరావు. మా దుకాణంలనే, నేను లేని రోజు. రెండేళ్లు అని చదివిండు. సాక్షి సంతకం ఆయనదే. ఆయన మీద నమ్మకంతోనే వేలు పెట్టింది. ఆయనే మోసం చేసిండనుకుని మా దుకాణానికి రావడం మానేసింది."

ఒక్క మాట తగ్గలేదు. 

 "మీ భర్త ఇక్కడున్నారా?" అంది మేడం మెల్లగా.

"బయట బెంచీ మీద ఉన్నరు."

శేషగిరిరావు లోపలికి వచ్చాడు. మేడం ఫైలు ఆయన వైపు తిప్పింది. రెండు పేజీల కాగితం. రెండో పేజీ కింద లక్కే వేలిముద్ర, ఆయతు వేలిముద్ర, ఆయన సంతకం. మొదటి పేజీలో ఇరవై ఏళ్లని ఉంది. ఆయన కళ్లజోడు ఎత్తి పట్టుకుని మొదటి పేజీ రెండుసార్లు చదివాడు. 

"సంతకం నాదే" అన్నాడు. "ఈ మొదటి పేజీ నేను చదివింది కాదు. ఇది మార్చిన్రు."

"మీ ఇంట్లోవాళ్లే దుబాసీ, మీరే సాక్షి" అని నవ్వాడు వకీలు. "ఇప్పుడేమో కాగితం మారిందంటారు. రుజువేదీ?"

శేషగిరిరావు అతని వైపు చూడలేదు. "మేడం, నాకు హిందీ వస్తది. కానీ నేను చెప్పేది లక్కే కూడా వినాలె; ఆనాడు నేను చదివింది ఆమెకు చెప్పనీకి తెలుగు తెలిసిన ఆయతు ఉండె, ఇప్పుడు లేడు. నేను తెలుగులో చెప్తా, నా భార్యతోనే ఆమెకూ మీకూ చెప్పించండి. ఆమె మాట మార్చదు. ఇప్పుడు మీరు చూసిన్రు కదా."

ఆ ఆఖరి మాటతో కమలాకుమారి గుండెల్లో బరువు కొంచెం దిగింది. తను అన్నది ఆయన తెలుసుకున్నాడు. తెలుసుకుని కూడా తననే పిలిచాడు.

"లక్కే, నేను చదివింది రెండేళ్లే" అన్నాడు శేషగిరిరావు. "ఏ దేవుడి ముందైనా చెప్తా. కానీ నువ్వు ఏడాది మా దుకాణానికి రాకపోతే, ఎందుకు రాలేదని నేను కబురు పెట్టలే. ఆయతు పోయినప్పుడు కూడా మీ ఊరికి రాలే. వచ్చుంటే ఈ సంగతి ఆనాడే తెలిసేది. అది నా తప్పు."

కమలాకుమారి లక్కే భాషలో చెప్పింది, తర్వాత హిందీలో. లక్కే విని, ముక్కు తుడుచుకుని, ఇందాక వెనక్కి వేసిన అడుగు ముందుకు వేసింది. "ఆయతు కూడా అట్లే అనేటోడు" అంది. "సావుకారి అట్ల చేయడు, మనమే పోయి అడుగుదాం అనేటోడు. నేనే పోనియ్యలే."

"ఆ కాగితం మీ దుకాణానికి ఎవరు తెచ్చారు?" అంది మేడం.

శేషగిరిరావు కళ్లజోడు దించాడు. "మా పెద్దోడు. ప్రేమ్‌కుమార్."

కమలాకుమారి అది కూడా చెప్పింది. కొడుకు పేరు నోటి నుంచి వచ్చేటప్పుడు వెనక అలికిడైంది. సరుకు పని ముగించుకుని వచ్చిన ప్రేమ్‌కుమార్ గుమ్మంలో నిలబడి ఉన్నాడు. ఎంతసేపటి నుంచి ఉన్నాడో, మొహం పాలిపోయింది. దేవేంద్ర అతన్ని చూసి కళ్లతోనే వద్దన్నాడు. ప్రేమ్‌కుమార్ ఆ చూపు దాటుకుని లోపలికి వచ్చి తండ్రి పక్కన నిలబడ్డాడు.

"తెచ్చింది నేనే మేడం. దేవేంద్రజీ ఇచ్చి చదివించుకురమ్మన్నరు. సంతకాలైనంక మళ్లీ ఆయన చేతికే ఇచ్చిన. రెండేళ్లు దాటినా మిషను కదలకపోతే నాకు అనుమానమొచ్చింది. మా చెల్లె, అన్నా అడుగు, అన్నా అడుగు అని పోరింది. నా వ్యాపారం ఆయనతోటే. నోరు మూసుకున్న, నాన్నకు చెప్పొద్దని ఆమెనూ ఆపిన." తల్లి వైపు చూడలేకపోయాడు. "అమ్మ ఇప్పుడు నా పేరు చెప్పిందాకా మూసుకునే ఉన్న. రుజువుంది మేడం. ఆ రోజు దుకాణంల మా చెల్లె కిరణ్మయి ఉండె. కాగితం తిరిగిచ్చేముందు ఎందుకైనా మంచిదని రెండు పేజీలూ జిరాక్స్ తీసింది. అది ఆమె దగ్గరే ఉంది."

వకీలు నవ్వు ఆగిపోయింది.

"ఫోను చేయండి" అంది మేడం. "బల్ల మీద పెట్టి, అందరికీ వినపడేటట్టు."

ప్రేమ్‌కుమార్ నంబరు నొక్కి స్పీకరు పెట్టాడు. అది మోగుతుండగానే మేడం బుధ్రా దగ్గరున్న కట్టలోంచి కిరణ్మయి ధ్రువపత్రం తీయించి, ఒకసారి చదివి, సంతకం చేసి ముద్ర వేయించింది. "లక్కే వాంగ్మూలం ముగిసింది. ఈ ధ్రువపత్రంలో తప్పేమీ లేదు కాబట్టి సంతకం పెట్టాను" అంది, వకీలుకి వినపడేలా.

"అమ్మా! కాగితం అయిందా?" ఫోనులో కిరణ్మయి గొంతు ఖంగుమంది. వెనక ఏదో పెద్ద యంత్రం మూలుగుతోంది.

"అయింది తల్లీ. ఇంకో సంగతి. లక్కే వాళ్ల కాగితం జిరాక్స్ నీ దగ్గరుందట కదా?"

యంత్రం చప్పుడు దూరమైంది; కిరణ్మయి పక్కకు నడిచినట్టుంది.

"ఉంది. దానికోసం నిన్న ఒకరొచ్చిన్రు. ఇస్తే నా పోస్టింగు మంచి చోట వేయిస్తమన్నరు."

"ఇచ్చినవా?"

"నీ బిడ్డనమ్మా నేను. ఎట్లిస్తా?"

కమలాకుమారి బల్ల అంచు గట్టిగా పట్టుకుంది. నవ్వో ఏడుపో తెలియనిది పెదాల మీదికి వచ్చింది. దేవేంద్ర కుర్చీ వెనక్కి నెట్టుకుని సగం లేచాడు.

"ఎవరొచ్చిన్రు?" అంది కమలాకుమారి.

"మనకు బాగా తెలిసిన మనిషే." కిరణ్మయి గొంతు తగ్గింది. "అమ్మా, నీ పక్కన ఎవరెవరున్నరు? స్పీకరు తీసెయ్. నీకొక్కదానికే చెప్తా."

ప్రేమ్‌కుమార్ చేయి ఫోను మీదికి వెళ్లింది. కమలాకుమారి ఆ చేతిని పక్కకు తోసింది.

"తీయను బిడ్డా. ఇక్కడ లక్కే ఉంది. నువ్వు చెప్పేది నేను ఆమెకు చెప్పాలె. ఎవరైతేంది, పేరు చెప్పు."

(సశేషం)